బుచ్చవ్వకు చెప్పిన మూడో సీజను

ఆ శుక్రవారం పొద్దున జాన్సన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కరెంటు ఆఫీసుకు సెలవు పెట్టి, 'మూసిన గేటు' సీరియల్ మూడో సీజను మొత్తం ఫోనులో చూసెయ్యాలి. సాయంత్రం చాయ్ వేళకు అత్తగారు బుచ్చవ్వకు అందులో మొదటి భాగం చెప్పాలి. ఆమె కళ్లకు ఒకదాని తర్వాత ఒకటిగా శుక్లాల ఆపరేషన్లు అయ్యాయి. టీవీ, ఫోను కొంతకాలం ముట్టవద్దని డాక్టరు అన్నాడు. అందుకని మొదటి రెండు సీజన్లనూ జాన్సనే ఆమెకు నోటితో చూపించాడు.

నిజానికి ఈ ఏర్పాటు ఆమెకంటే ఆయనకే ఎక్కువ అవసరం. మంచిర్యాల ఆఫీసులో ఆయన మాట మొదలుపెడితే ఎదుటివాళ్లు ఫోను తీసేవారు. భార్య క్యాథరిన్ వాక్యం సగంలో ఉండగానే జవాబు చెప్పి వెళ్లిపోయేది. తన వాక్యాలు చివరిదాకా పోతే ఎలా ఉంటాయో తెలియకుండానే ఆయనకు యాభై దాటాయి. బుచ్చవ్వ మాత్రం నల్లద్దాల వెనక కళ్లు మూసుకుని, వక్క నమలడం కూడా ఆపి వినేది. "ఊ... తర్వాత?" అనేది. ఆ 'తర్వాత' కోసమే ఆయన సాయంత్రాలు తొందరగా ఇల్లు చేరేవాడు.

మధ్యాహ్నానికి ఆయన మొహం వాడిపోయింది. రెండు సీజన్లపాటు పెదవి విప్పి నవ్వని రైల్వే ఎస్సై దేవదత్, మూడో సీజనులో సముద్రం ఒడ్డున గొడుగు కింద పడుకుని నవ్వుతున్నాడు. ఏ హంతకుడి కోసం రైలెక్కాడో ఆ హంతకుడి ఊసే లేదు. తనకు కావలసిన మనిషికి ఎవరో మందు తాగించి బజారులో నిలబెట్టినట్టనిపించింది జాన్సన్‌కు.

"అల్లుడా, ఏమాయె దేవదత్ సంగతి?" బుచ్చవ్వ మంచం మీద సర్దుకుని కూర్చుంది.

నిజం చెప్పడానికే నోరు తెరిచాడు. సముద్రానికి బదులు స్టేషన్ వచ్చింది.

"చిన్న స్టేషన్ల రైలు దిగిండు అత్తమ్మా. వాన. వెయిటింగ్ రూముల ఒక ట్రంకు పెట్టె ఉన్నది."

"ఎవలది?"

"అదే ఎవలకు ఎర్కలేదు."

జాన్సన్‌కు కూడా ఎరుకలేదు. కానీ వారం తిరిగేసరికి ఆ పెట్టె పక్కన ఒక మూగ పోర్టరు వచ్చి చేరాడు. దాని తాళం దగ్గర పెట్టుకున్న స్టేషన్ మాస్టరు హత్యకు గురయ్యాడు. ఆ పూట బుచ్చవ్వ అద్దాల కిందనుంచి చెంప తుడుచుకుంది. జాన్సన్ ఆ రాత్రి చాలా హాయిగా నిద్రపోయాడు.

మెథడిస్టు చర్చి స్త్రీల సమాజానికి బుచ్చవ్వ అధ్యక్షురాలు. ఆపరేషన్ల తర్వాత గురువారం ప్రార్థన కూటం ఆమె ఇంటి వాకిట్లోనే జరుగుతోంది. ఆ వారం ప్రార్థన ముగిశాక ఆడవాళ్లకు ఆమె కథ చెప్పడం మొదలుపెట్టింది. చాయ్‌కి వచ్చిన పక్కింటి రషీదా కాసేపు విని, గ్లాసు కింద పెట్టింది.

"అవ్వా, అండ్ల పెట్టె లేదు. నేను మొత్తం చూసిన. ఆయన బీచి కాడ కొబ్బరి నీళ్లు తాగుతడు."

"దేవదత్ తాగడు."

"స్ట్రా ఏసుకొని మరీ తాగుతడు అవ్వా."

"నీ ఫోన్ల వేరే ఏందో వచ్చింది బిడ్డా."

సీరియల్ చూసిన మరో ఇద్దరు రషీదా మాటే నిజమన్నారు. బుచ్చవ్వ తగ్గలేదు. అల్లుడు చెప్పగా విన్నట్టు కాక, తానే చూసినట్టు మాట్లాడింది. స్టేషన్ మాస్టరు పడిపోయినప్పుడు లాంతరు ఎటు ఊగిందో చేత్తో చూపించింది. లేనిదాన్ని అంత వివరంగా చూస్తున్న ముసలామెను చూసి ఆడవాళ్లు మొహామొహాలు చూసుకున్నారు.

"పాపం, ఆపరేషన్ మత్తు తలకెక్కినట్టున్నది," అంది సమాజం కార్యదర్శి స్తుతి, గేటు దాటాక.

సాయంత్రానికి ఆ మాట క్యాథరిన్‌కు చేరింది. "అవ్వకు మతి తప్పుతున్నదట. సోమవారం కరీంనగర్‌ల నరాల డాక్టర్‌కు చూపియ్యాలె," అంది భర్తతో.

"గట్లేం లేదు, అసలు సంగతేందంటే..."

క్యాథరిన్ అప్పటికే ఫోనులో డాక్టరు నంబరు కోసం వెతుకుతోంది. వెంటపడి చెప్పవచ్చు. కానీ చెబితే బుచ్చవ్వకూ తెలుస్తుంది. తెలిస్తే ఇక 'తర్వాత' అనదు. దానికంటే నరాల డాక్టరే నయమని తనకు అనిపిస్తున్నట్టు గమనించి జాన్సన్ కొంచెం భయపడ్డాడు.

ఆదివారం ఆరాధనలో పాస్టరు కరుణాకర్ ప్రార్థన విన్నపాలు చదివాడు. వానల కోసం, పదో తరగతి పిల్లల కోసం, ఆ తర్వాత "మన సహోదరి బుచ్చవ్వ జ్ఞాపకశక్తి కొరకు. ఆమె స్వస్థత పొందేవరకు సమాజం బాధ్యతలు సహోదరి స్తుతి చూస్తారు."

బుచ్చవ్వ పక్కనున్న అల్లుడి వైపు వంగి నెమ్మదిగా అడిగింది.

"అల్లుడా, పెట్టె ఉన్నది గదా?"

ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె గొంతులో అనుమానం వినబడింది, అదీ తన మీద తనకే. జాన్సన్ లేచి నిలబడ్డాడు.

"మా అత్తమ్మ మతి సక్కగనే ఉన్నది. ఆ పెట్టె నేను పెట్టిన. దేవదత్ గట్ల పాడైపోవుడు సూడలేక, నేనే వేరే కథ అల్లి చెప్పిన. తప్పు నాది."

చర్చిలో ఎవరూ ఫోను తీయలేదు. తన వాక్యాలన్నీ చివరిదాకా పోయాయని గ్రహించి జాన్సన్ మరింత కంగారుపడ్డాడు. అప్పుడు స్తుతి అడిగింది.

"మరి స్టేషన్ మాస్టర్‌ను ఎవలు సంపిండ్రు?"

"ప్రార్థన అయినంక," అన్నాడు పాస్టరు. "నేను సుత వింట."

బుచ్చవ్వ పదవి నిలిచింది. కరీంనగర్ ప్రయాణం ఆగింది. ఇంటికి వచ్చేదాకా ఆమె అల్లుడితో మాట్లాడలేదు. చాయ్ తాగాక మాత్రం "ఊ... తర్వాత?" అంది.

అంతటితో ఆగితే బాగుండేది. తరువాతి గురువారం వాకిట్లో చాపలు చాలలేదు. ఆఫీసునుంచి కూడా మనుషులొచ్చారు. జాన్సన్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దేవదత్ కొంచెం మారుమనస్సు పొందితే మంచిదన్నాడు పాస్టరు, పొందాడు. మూగ పోర్టరు ఒక్కసారి మాట్లాడితే వినాలని ఉందంది స్తుతి, మాట్లాడాడు. ఆ పై వారం రషీదా చెయ్యెత్తింది.

"అన్నా, స్టేషన్ మాస్టర్ పెండ్లాం ఒక్కతే అయింది. ఆయన జర బతికితే మంచిగుంటది."

జాన్సన్ క్షణం ఆలోచించాడు. "సచ్చిండనుకున్నరు గని," అన్నాడు, "ఆయన సావలే."

చాపల మీద చప్పట్లు మోగాయి. బుచ్చవ్వ కర్ర వెతుక్కుని లేచింది.

"ఎటు పోతున్నవ్ అత్తమ్మా?"

"సచ్చినోన్ని లేపినవేంది అల్లుడా?"

"రషీదా అడిగింది గదా."

"రషీదా అడుగుతది. నువ్వెందుకిస్తవ్? మొదట్ల మంచిగ చెప్పినవ్." ఆమె లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

జాన్సన్ మూసిన తలుపు వైపు చూశాడు. తరువాత చాపల వైపు చూశాడు. చాపల మీద అందరూ తన నోటివైపే చూస్తున్నారు. గొంతు సవరించుకుని, స్టేషన్ మాస్టరు ఎలా బతికాడో చెప్పడం మొదలుపెట్టాడు.