సుతారులందరికీ ఎర్ర గుర్తు

ఆ శుక్రవారం పొద్దున ఇంజనీరు డెముత్ తన వంశవృక్షం పూర్తి చేద్దామనుకున్నాడు. ఆయన పూర్వులు ఐరోపాలోని మొరేవియా వాళ్ళు. మతం కోసం ఊరు విడిచి, పరదేశంలో చేతిపనులు చేసుకుని బతికారు. వాళ్ళ సంఘం దస్తరాల నకళ్ళు పోస్టులో తెప్పించుకున్నాడు. పేర్లు గొలుసుకట్టు రాతలో, ఎవరి పని ఏదో ఇంగ్లీషు పెద్ద అక్షరాలలో రాసి, దోహాలోని సైటు ఆఫీసు గోడకు అంటించాడు. చావు తేదీ దొరికిన వాళ్ళకు ఎర్ర సిరాతో శిలువ గుర్తు పెట్టాడు. తండ్రి వైపు వాళ్ళు గోడలు కట్టే సుతారులు, అందరికీ తేదీలు దొరికాయి. తల్లి వైపు వడ్రంగులవి ఇంకా దొరకలేదు.

బండి తాళాలు ఇవ్వడానికి వచ్చిన డ్రైవర్ నిజాముద్దీన్‌కు పేర్లు చదవరాలేదు. పనులు చదివాడు. నేరుగా పనివాళ్ళ క్యాంప్‌కు పోయాడు.

"రాజన్నా, సుతారోళ్ళకు సార్ ఇంటు కొట్టిండు."

"అందరికా?"

"ఒక్కన్ని ఇడ్వలే. వడ్లోళ్ళ జోలికి మాత్రం పోలే."

చమురు డబ్బుతో దోహాలోని మదీనత్ ఖలీఫాలో విల్లాలు లేస్తున్న రోజులవి. రాజన్న అక్కడ సుతారి. ఊళ్ళో రాయి పడి సగంలో ఆగిన బావిని ఈ జీతంతో తవ్విద్దామని వచ్చాడు. ఏడాది కాలేదు. తింటున్న ముద్ద పళ్ళెంలో పెట్టి, ఇక ఇంటికి పంపేస్తారనుకున్నాడు.

పక్క మంచం రాజనర్సు ఉపాయం చెప్పాడు. "వడ్లోళ్ళ పని అని రాయించుకో బావా."

"నాకు బాడిసె పట్టరాదు గదనే."

"తాపీ పట్టుకోనే పుట్టినవా?"

శనివారం రాజన్న కంపెనీ గుమాస్తా ముందు నిలబడి వడ్రంగినన్నాడు. వెనక క్యాంప్ సుతారులంతా వరుస కట్టారు. గుమాస్తా ఆవలిస్తూ పాస్‌పోర్టులలో పని మార్చి ముద్రలు కొట్టాడు. ఆ వారం ఒక్క గోడ లేవలేదు. రాజన్న బిగించిన దర్వాజా ఒక పక్కకు ఒరిగింది. రాజనర్సు దాని ముందుకొచ్చి తల ఒక పక్కకు వంచాడు.

"దర్వాజల పోయేటోడు గూడ గట్లనే ఒరిగి పోతే సరిపాయె."

కంపెనీ లెక్క చూసుకుంది. వడ్రంగులు ఎక్కువయ్యారు. కొత్తగా రాయించుకున్న వాళ్ళందరి వీసాలు రద్దు చేసింది.

రాజన్న నిజాముద్దీన్‌ను వెంటబెట్టుకుని డెముత్ దగ్గరకు పరుగెత్తాడు. ఆ ఎర్ర గుర్తులేమిటని అడిగించాడు. డెముత్ చాలాసేపు చెప్పాడు. నిజాముద్దీన్ తల దించుకుని క్లుప్తంగా చెప్పాడు.

"ఆయన తాతలంట అన్నా. రెండొందలేండ్ల కిందనే సచ్చిపోయిండ్రంట."

రాజన్న గోడకు ఆనుకుని ఏడ్చాడు. తన పూర్వుల కోసం పరాయి మనిషి ఇంతగా ఏడవడం డెముత్ ఎన్నడూ చూడలేదు. లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. వీసాల సంగతి మాత్రం తన చేతిలో లేదన్నాడు.

రాజన్న వాళ్ళు బొంబాయిలో దిగేసరికి, గల్ఫ్ పనులకు మనుషులను పంపే ఏజెంటు ఆఫీసు ముందు జనం ఉన్నారు. ఖతర్‌కు సుతారులు అర్జెంటుగా కావాలని తంతి వచ్చిందట. రాజన్న జనాన్ని తోసుకుని పోయి పాస్‌పోర్టు ఇచ్చాడు.

ఏజెంటు అందులోని వడ్రంగి ముద్ర చూసి, సుతారి పని నేర్చుకుని రమ్మన్నాడు.