మా గోడ మీది ఎర్ర రాత

ఇంటి గోడ మీద తన అప్పు సంగతి రాయించుకోని గృహస్థుడి జీవితం అసంపూర్ణమని నా దృఢ విశ్వాసం. పాఠకులు తొందరపడి నవ్వవద్దు. గజపతినగరంలో మా ఇంటి ముందు ఒక్క పూట నిలబడి ఉంటే మీరూ ఒప్పుకునేవారు.

మాకు హోమ్ లోన్ ఇచ్చిన కంపెనీ, వాయిదాల వసూలు పనిని మరో కంపెనీకి అప్పగించింది. ఆ సంగతి మాకు చెప్పడం మాత్రం మరిచింది. మేము నెలనెలా పాత కంపెనీకే కట్టాం. అది చక్కగా పుచ్చుకుంది. తనకేమీ అందలేదని కొత్త కంపెనీ అంతే చక్కగా కోపగించింది. ఒక ఉదయం దాని మనుషులు వచ్చి, వీధి గోడ మీద ఎర్రరంగుతో రాసి వెళ్ళారు: 'ఈ ఇల్లు తాకట్టులో ఉన్నది. యజమానులు బాకీ ఎగవేసినారు. ఈ రాత చెరిపినవారు శిక్షార్హులు.'

ఎంత మేలు జరిగిందనుకున్నారు! చందాల వాళ్ళు గుమ్మం దాకా వచ్చి, చదివి, చెప్పుల చప్పుడైనా చేయకుండా వెళ్ళిపోయారు. చేబదులు అడిగే చుట్టాలు, తామే మాకు ఇవ్వవలసి వస్తుందేమోనని దారి మార్చుకున్నారు. కొరియర్ వాళ్ళకు చిరునామా చెప్పే బాధ తప్పింది. ఎర్ర రాతల ఇల్లంటే చాలు.

అన్నిటికన్నా మిన్న, సాహిత్యసేవ. నేను పద్యాలు రాస్తాను. వినిపించాలంటే సిగ్గు. వాటిని ఇంతవరకు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ పూర్తిగా కాదు. మరి మా గోడ రాతను? ఆటోలు ఆపి చదివారు. ఎదురింటి ఎర్రన్న మావ వేపపుల్ల నోట్లో పెట్టుకుని రోజూ వచ్చి చదివేవాడు.

"ఒరే అల్లుడూ, నువ్వేటి రాస్తావో నాకు తెల్దు గానీ, ఇది మాత్రం ఒక్కసారికే అర్థమైపోనాదిరా" అన్నాడొకనాడు. అక్షరాలతో నాకున్న సంబంధం మీద వచ్చిన తొలి విమర్శ అది.

ఇంతలో అమ్మవారి పండగ దగ్గరపడింది. పండగకు ఇంటికి సున్నం వేయకుండా ఉండడం మా వైపు జరగని పని. చెరిపితే శిక్ష అని రాసి ఉందాయె. మా అమ్మ లక్ష్మణమ్మ చట్టమంటే భయభక్తులున్న మనిషి. కుంచె పట్టి, ఒక్క అక్షరాన్నీ తాకకుండా, సందుసందునా ఓపికగా సున్నం పూసింది. తెల్లని గోడ మీద ఎర్రని రాత పారాణిలా మెరిసింది. చదువుకున్న నేనేం చేశాను? సున్నం బకెట్ పట్టుకున్నాను.

ఇలాంటి రాతలే పడ్డ మరికొన్ని ఇళ్ళవాళ్ళతో కలిసి, విజయనగరంలో వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాం. కంపెనీ వకీలు మా గోడ ఫొటో చూపించాడు. రాతను ఇంత శ్రద్ధగా కాపాడుకున్నారంటే ఎగవేతను ఒప్పుకున్నట్టే కదా అన్నాడు. ఆ వాదన ఎంత అందంగా ఉందంటే, నేనే తల ఊపాను. మా వకీలు ఉమాశంకర్ నా కాలు తొక్కి, రసీదులు ముందు పెట్టాడు.

మీకేం కావాలని అడిగారు అధ్యక్షురాలు. పరువునష్టం, మనోవేదన, పరిహారం అంటూ కంఠస్థం చేసిన ప్రసంగంతో నేను లేచాను. మొదటి ముక్కే మరిచి మళ్ళీ కూర్చున్నాను.

అమ్మ లేచింది. "డబ్బులు నాకెందుకు తల్లీ? సెరిపితే తప్పని ఆలే రాసినారు గదా, నానెలాగ ముట్టుకుంతాను? రాసినోలే వొచ్చి సెరిపీమనండి."

పండగలోగా కంపెనీయే చెరపాలని ఉత్తర్వు వచ్చింది.

ఇంత మేలు చేసిన రాతను చెరిపించడం కృతఘ్నత కాదా అంటారేమో. ఆ కంపెనీలాగే నేనూ ఒక సంగతి చెప్పడం మరిచాను. రాత పడ్డ నాటి నుంచి అమ్మ వీధి గుమ్మం తొక్కలేదు. కూరలకైనా, గుడికైనా పెరటి దారే. గోడకు సున్నం వేసింది కూడా ఊరు లేవకముందే.

కంపెనీ మనిషీ రంగు డబ్బాతో ఊరు లేవకముందే వచ్చాడు. అమ్మ అతణ్ణి ఆపింది.

"పొద్దెక్కనీ బాబూ, టీ తాగు. రాసినపుడు ఊరంతా సూసినాది. సెరిపినపుడు సూడొద్దేటి?"

పొద్దెక్కింది. వీధిలో జనం పోగయ్యారు. ఎర్రన్న మావ వేపపుల్లతో హాజరై, "రేపట్నుంచి నానేటి సదవాలిరా అల్లుడూ" అని దిగులుపడ్డాడు.

అమ్మ వీధి తలుపు బార్లా తెరిచింది. పీట తెచ్చుకుని, ముందు మెట్టు మీద వేసుకుని, అందరి ఎదుటా కూర్చుంది.

"ఇప్పుడు సెరుపు బాబూ" అంది.