పదమూడు నాబ్‌లు, పన్నెండు గంటలు

ఆ ఆదివారం పథకం నిజానికి చాలా చిన్నది. ఎనిమిదింటికి అతను బజారుకెళ్ళి బేస్ గిటారుకి కొత్త తీగలు తెస్తాడు. తొమ్మిదిన్నరకి తీగలు మారుస్తాడు. పన్నెండు దాకా సాధన. ఆ తర్వాత భోజనం, ఇస్త్రీ చొక్కా, నాలుగింటికి ఆడిషన్. ఈ పట్టిక రాసి గోడకి అంటించింది, పెళ్ళయి నలభై ఒక్క రోజులైన అతని భార్య. పక్కన ముచ్చటగా ఒక గిటారు బొమ్మ కూడా వేసింది. బొమ్మకి ఆరు తీగలున్నాయి. బేస్‌కి నాలుగేనని అతను చెప్పలేదు. ఈ నలభై ఒక్క రోజుల్లో అతను ఆమెతో దేన్నీ కాదనలేదు.

వారమంతా అతను ఒక ఆఫీసులో కూర్చుని ఇళ్ళ ప్లాన్లు గీస్తాడు. మనసు మాత్రం బేస్ మీద. ఊళ్ళోని పెద్ద హోటల్లో శనివారాలు వాయించే బృందంలో బేస్ వాయించే చోటు ఖాళీ అయింది. ఆ బృందాన్ని నడిపే కీబోర్డు మాస్టారు ఇదివరకే రెండుసార్లు అతన్ని విని, రెండుసార్లూ "చూద్దాం" అని పంపేశారు. ఈసారి అతను తన వాయింపు రికార్డు చేసి పంపితే, ఆయనే ఫోన్ చేసి రమ్మన్నారు. మూడోసారి కూడా "చూద్దాం" అంటే ఇక చూడటానికేమీ ఉండదని మొగుడూ పెళ్ళాలిద్దరికీ తెలుసు.

రికార్డింగులో మాస్టారిని పట్టేసినది ఆ బేస్ నాదం. దాని వెనక ఎనిమిది నెలల తపస్సు ఉంది. చెక్క పలక మీద వరసగా ఐదు పెడల్స్. కాలితో నొక్కే చిన్న ఇనప డబ్బాలు. బేస్ నుంచి వచ్చే శబ్దం వాటిలో ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ స్పీకర్ చేరుతుంది. ఒకటి నాదాన్ని బిగించి పట్టుకుంటుంది, ఒకటి గరగరలాడిస్తుంది, ఒకటి అలలా ఊపుతుంది. ఏది ముందు, ఏది వెనక అన్నదే సగం రహస్యం. మిగతా సగం వాటి మీదున్న పదమూడు నాబ్‌లు. ఏ నాబ్ ఎక్కడ ఆగాలో గుర్తుండేందుకు అతను ప్రతి నాబ్ పక్కనా తెల్ల పెన్సిల్‌తో సన్నటి గీత గీసుకున్నాడు.

తీగలు కొనుక్కుని ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఆపేసింది.

"కళ్ళు మూసుకోండి."

"ఎందుకోయ్?"

"మూసుకోమన్నానా! ఆఁ, ఇటు రండి. చూసుకోండి, స్టూలుంది. ఇప్పుడు తెరవండి!"

తెరిచాడు. ఐదు పెడల్సూ ధగధగలాడుతున్నాయి. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఇంద్రధనస్సు వరస. పదమూడు నాబ్‌లూ గడియారంలో పన్నెండు కొట్టినట్టు నిటారుగా, బడిలో ప్రార్థనకి నిలబెట్టిన పిల్లల్లా ఉన్నాయి.

"ఎంత మురికండీ బాబూ! నాబ్‌లైతే ఒకటి ఇటు, ఒకటి అటు. అన్నీ సరి చేశాను. వాటి పక్కనెవరో తెల్లగా గీకేశారు చూశారా, టూత్‌బ్రష్ పెట్టి రుద్దితే గానీ పోలేదు." ఆమె ముంజేతికి ఇంకా నురగ అంటుకుని ఉంది. కళ్ళు మెరుస్తున్నాయి. "ఎలా ఉంది?"

అతని గుండె పాదాల్లోకి జారింది. అక్కడి నుంచే జవాబిచ్చాడు. "చాలా బాగుంది."

సరే, మెల్లిగా ఒంటరిగా కూర్చుని సరిచేసుకుందామనుకున్నాడు. ఆమె కదలదే! స్టూలు లాక్కుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. తీగలు మార్చి ఒక్కసారి మీటాడు. జలుబు చేసిన దున్నపోతు కాగులో తలపెట్టి ఆవులించినట్టు వచ్చింది.

"రోజూ ఇలా ఉండదు కదండీ?" అంది ఆమె అనుమానంగా.

నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. అతను దాన్ని చేజేతులా వదిలేసుకున్నాడు. "కరెంటు... కరెంటులో ఏదో తేడా ఉన్నట్టుంది."

ఆ మాట అని గుటక మింగేలోగా ఆమె మెట్లు దిగి, కింది వాటాలో ఉండే ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకొచ్చింది. సెలవు రోజున తోచక కొట్టుకుంటున్న మనిషికి దేవుడు పంపిన పని. ప్రతి ప్లగ్గులోనూ టెస్టరు పెట్టి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

"బాగుంటే వదిలేయండి," అన్నాడు అతను ఆశగా.

"అలా ఎలా వదిలేస్తాం సార్? ఏదో ఉండబట్టే కదా అమ్మ వచ్చి పిలిచింది. నేను ఇంట్లో ఉన్నాను కాబట్టి సరిపోయింది!" అంటూ మెయిన్ ఆపేసి, స్విచ్‌బోర్డు ఊడదీసి, వైర్లన్నీ పేగుల్లా బయటికి లాగాడు.

కరెంటు లేకపోతే పెడల్స్ పలకవు. పలకకపోతే ఏ నాబ్ ఎక్కడుండాలో చెవికి అందదు. అతను తల పట్టుకునేలోగా తోడల్లుడు దిగాడు. భార్య ఫోన్లో కంగారుగా మాట్లాడేసరికి ఆమె అక్క వెంటనే మొగుణ్ణి తరిమిందట. చిన్న పెట్టె అంత స్టెబిలైజర్‌ని స్కూటరు మీద కాళ్ళ మధ్య ఇరికించుకుని, చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"తమ్ముడూ, ఇక నిశ్చింతగా ఉండు. ఇది మా ఫ్రిజ్‌ని తొమ్మిదేళ్ళు కాపాడింది. అవునూ, అడిగానని ఏమీ అనుకోకు గానీ, బేస్ అంటే అసలు గిటారు వాయించేవాడి పక్కన నిలబడేదేగా? దానికింత హంగామా ఎందుకూ?"

అతను పలకని చంకలో పెట్టుకుని స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. కనీసం వరసైనా మార్చుకుందామని. రెండు పెడల్స్ ఊడదీశాడో లేదో తలుపు టకటకలాడింది.

"తమ్ముడూ, కడుపులో బాలేదా?"

"అదేం లేదన్నయ్యా."

"సిగ్గెందుకోయ్, ఆడిషన్ అంటే ఎవరికైనా అంతే. అమ్మాయ్, మీ ఆయనకి కడుపు పాడైనట్టుంది!"

చేతికి ఏది అందితే దాన్ని పలక మీద పెట్టేసి బయటపడ్డాడు. ఇంద్రధనస్సు మళ్ళీ ఇంద్రధనస్సులాగే వచ్చింది. ఆ కంగారులో ఆ ఒక్కటే సవ్యంగా కుదిరింది. భార్య భోజనం రద్దు చేసి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు రెండు గ్లాసులు దగ్గరుండి తాగించింది.

కరెంటు రెండున్నరకి వచ్చింది. స్టెబిలైజర్ గుయ్యిమంది. ముగ్గురూ చుట్టూ మూగారు. అతను మీటాడు. అదే దున్నపోతు, అదే కాగు.

"ఆఁ! ఇదీ నాదమంటే," అన్నాడు ఎలక్ట్రీషియన్. "వైరు బిగించాక చూశారా తేడా!"

"వైరు కాదు, స్టెబిలైజరు," అన్నాడు తోడల్లుడు.

భార్య మాత్రం అతని మొహంలోకే చూస్తోంది. "బాగైందా అండీ?"

"బాగైంది," అన్నాడు అతను. ఇక మిగిలింది చొక్కా తొడుక్కోవడమే.

ఆడిషన్ హోటల్ వెనకవైపు, విరిగిన కుర్చీలు పేర్చిన గదిలో జరిగింది. భార్య ఆ కుర్చీల్లోంచి నాలుగు కాళ్ళున్నదాన్ని వెతుక్కుని ముందు వరసలో కూర్చుంది. మెడలో హెడ్‌ఫోన్లు వేసుకున్న సౌండు మనిషి పలక వైపు చూశాడు.

"ఇదేంటి సార్, రంగుల డబ్బాల కొట్టా? ఇవాళ మాకున్నది ఒకటే ప్లగ్గు. అది కీబోర్డుకి. మీరు నేరుగా మిక్సర్లోకి వచ్చేయండి." అతని జవాబు కోసం చూడకుండానే పెడల్స్ దగ్గర వైరు పీకి మిక్సర్‌కి గుచ్చేశాడు.

ఉదయం నుంచి అందరి చేతుల్లోనూ నలిగిన అతనికి, నాలుగు తీగలూ పది వేళ్ళూ తప్ప మధ్యలో మరేమీ లేకపోవడం హాయిగా అనిపించింది. ఆ హాయితోనే వాయించాడు. మూడో పాటకి మాస్టారి తల దానంతట అదే ఊగింది.

"చోటు నీదేనయ్యా," అన్నారాయన. అతని భార్య చప్పట్లు కొట్టేసి, తర్వాత నాలిక్కరుచుకుంది. "కానీ శనివారం ఆ పెడల్స్ పనిచేయాలి. రికార్డింగులో కిందనెక్కడో గుర్రుమంటూ ఉంటుంది చూడు, నిన్ను పిలిచిందే దానికోసం. అది లేదా, ఇదివరకు బేస్ వాయించిన మనిషి తిరిగొస్తానని రోజూ ఫోను."

తిరుగు బస్సులో ఆమె మాటలకి అంతులేదు. శనివారం ఏ చీర కట్టుకోవాలో, ఎవరెవర్ని పిలవాలో లెక్కపెడుతోంది. అతను ఇక ఆగలేకపోయాడు. తెల్ల గీతల దగ్గర మొదలుపెట్టి ఉప్పునీళ్ళ దాకా అంతా చెప్పేశాడు. ఆరు రోజుల్లో ఆ నాదం మళ్ళీ పట్టుకోవడం తన వల్ల కాదన్నాడు. ఆమె చీరల లెక్క ఆపి ఫోను తీసింది.

"ఏవండీ," అంది దాన్లో ఏదో వెతుకుతూ, "తుడవకముందు ఫోటో తీశాను కదా!"

"ఏదీ?"

"అక్కకి పంపాను. 'మీ మరిది సామాను ఎంత మురికిగా ఉందో చూడక్కా' అని. అక్క బావకి పంపింది. బావ మా ఇంటి గ్రూపులో పెట్టాడు. పొద్దున్నే అందరూ చూశారు."

ఫోన్ అందుకుని బొమ్మ పెద్దది చేశాడు. ఐదు పెడల్స్, పదమూడు నాబ్‌లు, పదమూడు తెల్ల గీతలు, దుమ్ముతో సహా స్పష్టంగా ఉన్నాయి. మూడు గంటలపాటు స్టెబిలైజర్‌ని కావలించుకు కూర్చున్న తోడల్లుడి జేబులో కూడా ఉన్నాయి.

"పొద్దున ఒక్క మాట అనుంటే రెండు నిమిషాల పని కదండీ! మెయిన్ ఆపించారు, బావని ఎండలో తిప్పారు, ఏ రోగమూ లేకుండా ఉప్పునీళ్ళు తాగారు! నేనంటే అంత భయమా?"

"నీ మనసు నొచ్చుకుంటుందేమోనని..."

"ఇప్పుడేం, చల్లగా ఉందనుకున్నారా?" అని కిటికీ వైపు తిరిగింది. ఒక స్టాపు దాటాక, తిరిగిన మొహం అలాగే ఉంచి, "ఆ ఎర్రదాని మీద రెండో నాబ్ ఎక్కడుందో చదవండి, రాసుకుంటాను," అంది.

శనివారం హోటల్లో ఆ గుర్రు అలాగే వినిపించింది. ఆ ఫోటో ఇప్పుడు వాళ్ళ ముందుగదిలో, పెళ్ళి ఫోటో పక్కనే ఉంది. ఫ్రేము మాత్రం దానిదే కాస్త పెద్దది.