ఉదర నృత్యానికి నిరభ్యంతర పత్రం

దుఖాన్ చమురు పట్టణంలో ఉద్యోగుల కాలనీ వాస్తవ్యురాలు శ్రీమతి సీతాలక్ష్మి, వయసు నలభై ఒకటి, దోహాలోని వెస్ట్ బేలో కొత్తగా తెరవబోతున్న ఒక హోటలులో ఎగ్జోటిక్ డ్యాన్సర్ ఉద్యోగానికి ప్రయత్నించదలచినట్టు, రెండు వేల ఏడు అక్టోబరులో ఒక శుక్రవారం ఉదయం, ఇడ్లీలు వడ్డిస్తూ భర్తకు తెలియజేసింది.

భర్త సుబ్బారావు పైపులైన్ల ఇంజనీరు. ఏ విషయానికైనా ముందు నిఘంటువు చూసి, తరువాత కంగారుపడటం ఆయన పద్ధతి. చూశాడు. ఎగ్జోటిక్ అనగా విదేశం నుంచి వచ్చిన, అని ఉంది. "ఆ లెక్కన ఈ దేశంలో మనమంతా అదేగా" అని ఊరట చెంది ఇంకో ఇడ్లీ వేయించుకున్నాడు. రెండో అర్థం తరువాతి పేజీలో ఉంది. పేజీ తిప్పాలంటే చేతికి చట్నీ అయి ఉంది.

పీపా చమురు వంద డాలర్లకు చేరువవుతున్న రోజులు అవి. వెస్ట్ బేలో ఉదయం లేని మేడ సాయంత్రానికి కనబడేది. మేడ లేచాక అందులో హోటలు, హోటలు లేచాక అందులో నాట్యం అవసరమయ్యేవి. పేపర్లో వచ్చిన ప్రకటన ప్రకారం అభ్యర్థినికి ఆత్మవిశ్వాసం ఉండాలి, ఉదర నృత్యంలో ప్రవేశం ఉండాలి, భర్త వీసా మీద ఉన్నవారైతే ఆ భర్త సంతకం చేసిన నిరభ్యంతర పత్రం ఉండాలి. మొదటి రెండూ తన దగ్గర ఉన్నాయని సీతాలక్ష్మికి అనిపించింది.

ఆమె ఏలూరులో ఆరేళ్ళు కూచిపూడి నేర్చుకుంది. అమ్మాయికి నాట్యం వచ్చునని పెళ్ళిచూపుల్లో ఘనంగా చెప్పారు. మగపెళ్ళివారు కూడా ఘనంగా మెచ్చుకున్నారు. పెళ్ళిచూపులకు పనికొచ్చిన విద్య పెళ్ళికి పనికిరాకపోవడం మన ఆనవాయితీ కనుక గజ్జెలు ఏలూరులోనే ఉండిపోయాయి. దుఖాన్ వచ్చి పదకొండేళ్ళు. ఇసుక, సముద్రం, దూరాన గొట్టం కొసన మండే మంట. వీటిలో ఏది చూసినా వారానికి మించి కొత్తగా ఉండదు.

రక్తంలో చక్కెర పెరుగుతోందని డాక్టరు హెచ్చరిస్తే కాలనీ క్లబ్బులో ఆడవాళ్ళ వ్యాయామ తరగతిలో చేరింది. ఆ తరగతి నడిపే ఖమర్ సుల్తానా హైదరాబాదు పాతబస్తీ మనిషి. ఒక ఈజిప్టు స్నేహితురాలి దగ్గర ఉదర నృత్యం నేర్చుకుని, వ్యాయామమనే పేరు మీద నేర్పేది. మూడో వారం పాట నడుస్తుండగా సీతాలక్ష్మి నడుము ఆమెను అడగకుండానే ఒక చుట్టు తిరిగింది. ఆ రోజు ఇంటికి వచ్చి స్నానాల గదిలో గడియ పెట్టుకుని పది నిమిషాలు ఒక్కతే నవ్వుకుంది.

ఉద్యోగం సంగతి చెప్పగానే ఖమర్ సుల్తానా సాధన పెంచేసింది.

"కూచిపూడి నక్కో సీతమ్మా! కళ్ళు తిప్పకు. భుజాలు బంద్. నడుము ఒక్కటే మాట్లాడాలె. నీ నడుముకి ఇంకా షరమ్ పోలేదు."

నడుమేమో భుజాలను వదిలి రానంటుంది. నాలుగు రోజులు కుస్తీ పట్టినా లొంగలేదు. అయిదో రోజు క్లబ్బు ఊడ్చే గంగాబాయి చీపురు గోడకు ఆనించి కాసేపు చూసింది. ఆమెది నిర్మల్ పక్క పల్లె.

"గంత పరేషాన్ ఎందుకమ్మా? చాటల వడ్లు చెరుగుతలేమా, గట్లనే. నడుమే చాట అనుకో. పొట్టు గటు పోవాలె, గింజ గిటు రావాలె. పైన మనిషి కదల్తదా? కదలదు."

సీతాలక్ష్మి కళ్ళు మూసుకుని వడ్లు చెరిగింది. భుజాలు నిలిచాయి, నడుము ఆడింది. ఖమర్ సుల్తానా "వాహ్ గంగాబాయీ!" అంటూ ఆమెను కావలించుకుంది. నైలు నది ఒడ్డున పుట్టిన కళ కిటుకు గోదావరి ఒడ్డున దొరికిన విషయం చరిత్రకారుల దృష్టికి ఇంకా రాలేదు.

ఇక మిగిలింది సంతకం.

"నాకేం అభ్యంతరం లేదు సీతా" అన్నాడు సుబ్బారావు. "కానీ లేదని రాసి ఇవ్వాలంటే నలుగురినీ అడగాలిగా."

ముందుగా కాకినాడకు ఫోన్ చేసి తల్లి సుబ్బలక్ష్మమ్మను అడిగాడు.

"నాట్యమే కదరా? దేవుడి పాటకేనా?"

"అరబ్బీ పాటమ్మా."

"ఏ భాషైతే ఏం, నాయనా. బొడ్డు కనపడకుండా చూసుకోమను."

ఉదర నృత్యంలో ఉదరం కనపడరాదన్నది ఆ విధంగా మొదటి షరతు అయింది. అక్కడితో ఆగినా బాగుండేది. కానీ తెలుగు సాంస్కృతిక సమితి అధ్యక్షులు రామచంద్రరావుగారికి చెప్పకుండా దుఖాన్‌లో ఏ తెలుగువాడూ కొత్త సోఫా అయినా కొనడు. ఆయన వెంటనే అత్యవసర కార్యవర్గ సమావేశం ఏర్పాటు చేశారు. సుబ్బారావు ఇంట్లోనే. మిరపకాయ బజ్జీలు సీతాలక్ష్మి వేసింది.

"సోదరులారా!" అన్నారు రామచంద్రరావుగారు, రెండో బజ్జీ పూర్తిచేసి. "మన స్త్రీ నడుము మన సంస్కృతికి ఇరుసు. ఇరుసు తిరగవచ్చు, తప్పులేదు. బండే తిరగబడకూడదు. అందువల్ల చెల్లెమ్మను మనం ఆపడం లేదు. ఆపితే వెనకబడ్డవాళ్ళమంటారు. కేవలం కప్పుతున్నాం!"

చప్పట్లు మోగాయి. అయితే ఏది కప్పాలో తెలియాలంటే ఏది కనపడుతుందో ముందు తెలియాలి. ఈ బాధ్యతను ఎవరి మీదకూ నెట్టకుండా తొమ్మిదిమంది సభ్యులూ కలిసి స్వీకరించారు. సుబ్బారావు ఇంట్లో కంప్యూటరు ఉన్న గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, గంటన్నరసేపు ఉదర నృత్యాల వీడియోలు పరిశీలించారు. అభ్యంతరకరమైన వాటిని రెండుసార్లు, మరీ అభ్యంతరకరమైన వాటిని నాలుగుసార్లు చూశారు. ఒక సభ్యుడు కళ్ళజోడు మరిచి వచ్చినందుకు చాలా బాధపడ్డాడు. అనంతరం పదకొండు షరతులు తయారయ్యాయి. రవికె మెడ దాకా, చేతులు మణికట్టు దాకా ఉండాలి. పట్టుచీర తప్పనిసరి. వీపు సమితి ఆస్తి. నడుము అవసరం మేరకే కదలాలి.

వంటింట్లో సీతాలక్ష్మి అంతా వింటోంది. ఒక్క క్షణం, పొయ్యి ఆర్పేసి బజ్జీల పిండి గిన్నె పట్టుకుని హాల్లోకి వెళ్దామనిపించింది. ఏలూరులో వదిలేసిన గజ్జెలు గుర్తొచ్చాయి. ఈసారి కూడా వదిలేస్తే ఇక వదలడానికి ఏమీ మిగలదు. చేతులు కడుక్కుని వెళ్ళి అడిగింది.

"ఇవన్నీ కప్పుకుంటే సంతకం పెట్టిస్తారా, అన్నయ్యగారూ?"

"తప్పకుండా చెల్లెమ్మా. బజ్జీలు ఇంకో వాయి ఉన్నాయా?"

ఆ వాయి పూర్తయ్యాక సుబ్బారావు సంతకం పెట్టాడు.

ఆహార్యం సిద్ధమైన రోజున ఖమర్ సుల్తానా తలపట్టుకుంది. మెడ మూసిన రవికె, మణికట్టు దాకా చేతులు, కాళ్ళ మధ్యనుంచి తీసి కట్టిన తొమ్మిది గజాల పట్టుచీర, అది జారకుండా ఇరవై మూడు పిన్నీసులు. వీటి మీద వెండిరంగు బిళ్ళల వడ్డాణం.

"యా అల్లా! ఇది డ్యాన్స్ డ్రెస్సా, పరుపా? నడుము ఎక్కడుందో పోలీసులకి కూడా దొరకదు."

"నాకు తెలుసు కదా ఎక్కడుందో" అంది సీతాలక్ష్మి.

సోమవారం ఉదయం సుబ్బారావు కారు వెస్ట్ బేకు చేరింది. ఆయన చేతిలో నిరభ్యంతర పత్రం, దాని నకళ్ళు మూడు. హోటలు హాల్లో ఇంకా రంగు వాసన పోలేదు. వరసగా కూర్చున్న అభ్యర్థినులు పదకొండుమంది. వాళ్ళందరి దుస్తులూ కలిపినా సీతాలక్ష్మి ఎడమ చెయ్యికి సరిపోవు. ఆమెను చూసి, హోటలు దుప్పట్లు అమ్మడానికి వచ్చిందనుకుని ఒకమ్మాయి దారి చూపించింది. సీతాలక్ష్మి కాళ్ళు వణికాయి. తొమ్మిది గజాల లోపల వణికాయి కనుక ఎవరికీ తెలియలేదు.

హోటలు మేనేజరు అహ్మద్ అలీకి ఆ ఉదయం తలనొప్పిగా ఉంది. శుక్రవారం భోజనానికి కుటుంబాలతో సహా అతిథులు వస్తారు. పిల్లలుంటారు, ముసలమ్మలుంటారు. నాట్యం ఉండాలి, ఎవరూ తల దించుకోకూడదు అని యజమాని చెప్పాడు. పదకొండుమంది నాట్యాలకూ మేనేజరు తల దించుకునే ఉన్నాడు.

పన్నెండో నాట్యానికి పాట మొదలైంది. సీతాలక్ష్మి కళ్ళు మూసుకుని చాట ఎత్తింది. చీర కదలలేదు, భుజాలు కదలలేదు, బిళ్ళలు మాత్రం వాన పడినట్టు మోగాయి. మధ్యలో ఒక పిన్నీసు విడిపోయి నడుములో దిగింది. అమ్మా అనబోయి, ఆ నొప్పితోనే ఒక విసురు విసిరి గిర్రున తిరిగింది. అహ్మద్ అలీ తల ఎత్తాడు. ఆ తరువాత లేచి నిలబడ్డాడు.

"యా సలామ్! మేడమ్, ఈ శుక్రవారమే వస్తారా?"

సుబ్బారావు నిరభ్యంతర పత్రం అందించాడు. మేనేజరు దాన్ని చూడకుండానే గుమాస్తాకు ఇచ్చి, ఆమెకు మంచినీళ్ళు తెప్పించాడు. ఆమె గ్లాసు ఖాళీచేసి, పిన్నీసు తీసి, మగవాళ్ళ ముందే గట్టిగా నవ్వింది. ఈసారి గడియ పెట్టుకోలేదు.

ఆ శుక్రవారం ముందు వరుసలోని రెండు బల్లలనూ సాంస్కృతిక సమితి ముందుగానే పట్టుకుంది. సభ్యులు షరతుల అమలును పర్యవేక్షించడానికి వచ్చారు. పర్యవేక్షణ నిష్పాక్షికంగా ఉండాలని భార్యలను ఇళ్ళవద్దే ఉంచారు. కళ్ళజోడు సభ్యుడు ఈసారి రెండు జతలు తెచ్చుకున్నాడు. సీతాలక్ష్మి నలభై నిమిషాలు ఆడింది. ముసలమ్మలు ముసుగుల చాటున నాలుకలు ఆడించి ఉలూలూ అని హర్షధ్వానాలు చేశారు. పిల్లలు కుర్చీలెక్కారు. సమితి బల్లల దగ్గర మాత్రం ఎవరో పోయినంత నిశ్శబ్దం.

రామచంద్రరావుగారు సుబ్బారావును పక్కకు పిలిచి గొంతు తగ్గించారు.

"నాట్యం బాగానే ఉందయ్యా. కానీ... ఏమీ కనపడటం లేదు."

మర్నాడే మళ్ళీ అత్యవసర సమావేశం జరిగింది. ఈసారి అధ్యక్షులవారి ఇంట్లో, బజ్జీలు లేకుండా. కళను సంకుచిత దృష్టితో చూడటం తెలుగువారి సంప్రదాయం కాదనీ, ఒకటి, మూడు, ఏడు, తొమ్మిది షరతులను తక్షణం సడలిస్తున్నామనీ ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ కాగితాన్ని సుబ్బారావు ఇంటికి తెచ్చి ఇచ్చాడు. సీతాలక్ష్మి రెండుసార్లు చదివింది. కలం తీసుకుని, కింద తన పేరు, తేదీ వేసి, "నాకు అభ్యంతరం ఉంది" అని రాసి పంపించింది.

ఆమె నేటికీ ప్రతి శుక్రవారం మెడ నుంచి మడమ దాకా కప్పుకునే ఆడుతోంది. ఇంత దూరం ఓపికగా చదివి, ఈ కథలో కూడా ఎక్కడా ఏమీ కనపడలేదని నిరాశపడ్డ పాఠక మహాశయులు ఎవరైనా ఉంటే, సమితిలో సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అర్హత మీకు వచ్చేసింది.