నోరు మూసుకోవలసిన ఆదివారాలు

కళ్లజోళ్లాయన ఇంట్లో సోఫా నిలబడి ఉంది. సోఫా మనుషులు కూర్చోవడానికి చేసిన వస్తువని, పనిలో పనిగా అదీ కూర్చునే ఉంటుందని లోకమంతా అనుకుంటుంది. ఈ ఇంట్లో మాత్రం అది వంటింటికి వెళ్లే నడవలో, గోడకి ఆనుకుని నిటారుగా నిలబడింది. దాన్ని దాటాలంటే పొట్ట లోపలికి పీల్చుకుని పక్కవాటుగా నడవాలి. కళ్లజోళ్లాయన పొట్ట అంత తేలిగ్గా మాట వినే రకం కాదు.

దీనికంతటికీ కారణం ఫొటోగ్రాఫర్లు. కనీసం ఆయన అలాగే చెప్తాడు. వాళ్ల పేరెత్తితే చాలు, ఆయనకి ఒళ్లు మండిపోతుంది.

బజారులో ఆయనకి కళ్లజోళ్ల షాపు ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనుషుల మొహాల్లోకి చూడటమే పని. ఇన్ని మొహాలు చూసినవాణ్ని, ఒక్క మొహం ఫొటో తీయలేనా అనుకుని కెమెరా కొన్నాడు.

"ఫొటోలంటే నన్నడగండి," అంది భార్య. ఆవిడ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది.

"ఎక్స్‌రేలో మొహం ఎక్కడుంటుందే?"

"ఉండదు. అందుకే ఇన్నేళ్లలో ఒక్కరు కూడా నా మొహం బాగా రాలేదని గొడవ పెట్టలేదు."

ఆ మాట ఆయన చెవిన పెట్టలేదు. ఫొటోగ్రాఫర్ల క్లబ్బులో చేరిపోయాడు.

ఆ క్లబ్బు ఒక డ్రైక్లీనింగ్ షాపు పైగదిలో ఆదివారం పొద్దున కూడుతుంది. అక్కడొక పద్ధతి ఉంది. ఎవరి ఫొటో వాళ్లు పెన్‌డ్రైవులో తెచ్చిస్తారు. తీసిందెవరో చెప్పకుండా దాన్ని గోడ మీద పెద్దగా వేస్తారు. తలో మాటా అంటారు. అనడం పూర్తయ్యేదాకా తీసిన మనిషి నోరు మెదపకూడదు. అంతా అయ్యాక లేచి, ఇది నేను తీశాను, ఇలా తీశాను అని ఒప్పుకోవాలి. దొంగని పట్టుకున్నా ముందు వాడి మాట వింటారు కదా, ఇదెక్కడి న్యాయం అని కళ్లజోళ్లాయన మొదటి రోజు నుంచీ అడుగుతూనే ఉన్నాడు. అడగడం ఇంటికొచ్చాకే.

మొదటి ఆదివారం సోఫాలో కూర్చున్న భార్య ఫొటో గోడంతా పరుచుకోగానే ఆయన ఛాతీ పొంగింది.

"వెలుగేదీ?" అన్నారు వెలుగు మాస్టారు. ఆయన రిటైరైన డ్రాయింగ్ టీచరు, క్లబ్బుకి పెద్ద. ఏ ఫొటో వేసినా తాళంచెవి పారేసుకున్న మనిషిలా ముందు వెలుగు కోసం వెతుకుతారు.

"ఈవిడ నడినెత్తిన ఫ్యాను మొలిచింది," అన్నాడు గోడ మీద ఫొటోలు వేసే పళ్ల డాక్టరు. "పీకేయాలి." ఆయనకి ప్రతి ఫొటోలోనూ ఏదో ఒకటి పీకేయాలనిపిస్తుంది. అందుకే క్లబ్బులో అందరూ ఆయన్ని పీకుడు డాక్టరంటారు.

కళ్లజోళ్లాయన పళ్లు బిగించి కూర్చున్నాడు. పళ్ల డాక్టరు ఎదుట అది కూడా జాగ్రత్తగా చేయాలి.

"ఏమన్నారండీ?" అంది భార్య, ఆయన చెప్పులు విప్పకముందే.

"ఫ్యాను పీకేయమన్నారు."

"ఈ ఉక్కలోనా?"

"నీ నెత్తి మీద మొలిచిందట."

"తీసేటప్పుడు మీకు కనబడలేదా?"

"నేను నీ మొహం చూస్తున్నానే."

"పెళ్లయ్యాక మొదటిసారి చూశారు. దానికీ ఫ్యాను అడ్డమొచ్చింది," అంది ఆవిడ.

మరుసటి వారం ఆయన స్టాండు ఫ్యానుని పడగ్గదిలోకి తోసి, సోఫాని కిటికీ పక్కకి లాగి, కర్టెన్లు ఊడదీశాడు. వీళ్లు ఇల్లు మారుతున్నారనుకుని ఎదురింటివాళ్లు సాయం రావాలా అని అడిగారు. ఇంత చేస్తే వెలుగు మాస్టారు, "వెలుగొచ్చింది, సగం మొహానికే వచ్చింది. మిగతా సగం ఏం పాపం చేసింది?" అన్నారు. పీకుడు డాక్టరు ఇంకో అడుగు ముందుకేశాడు.

"ఈ పువ్వుల సోఫాని పోయిన వారమూ చూశాం. మనిషి కంటే అదే ముందు కనబడుతోంది. పీకేయాలి."

కళ్లజోళ్లాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. పేరు చెప్పకపోతేనేం, సోఫాని బట్టి మనిషిని పోల్చుకుంటున్నారు. ఇది ఫొటో మీద విమర్శ కాదు, తన మీద కక్ష. సరే, సోఫా లేకుండా తీస్తే ఏమంటారో చూద్దామనుకున్నాడు. ఇంటికెళ్లి దాన్ని నడవలో నిలబెట్టాడు.

మూడోసారి కిటికీ పక్క ఖాళీ గోడ ముందు స్టూలు వేసి భార్యని కూర్చోబెట్టాడు. కెమెరా ఎత్తగానే ఆవిడ ఊపిరి పీల్చి బిగబట్టింది. ఎక్స్‌రే గదిలో రోజంతా జనానికి అదే చెప్పి చెప్పి ఆవిడకీ అలవాటైపోయింది. బుగ్గలు రెండూ పొంగాయి.

"ఊపిరి వదలవే. సహజంగా ఉండాలట. మాట్లాడిస్తూ తీయాలట. ఏదైనా మాట్లాడు."

"సోఫా ఎప్పుడు లోపలికొస్తుంది?"

"అది కాదు. మనసుకి హాయిగా ఉండే సంగతి."

"సోఫా లోపలికి రావడం కంటే హాయి ఇంకేముంది?"

ఆ 'ఏముంది' దగ్గర ఆయన మీట నొక్కాడు. ఆదివారం క్లబ్బులో, నోరు సగం తెరిచి, కనుబొమలు పైకెత్తి ఉన్న భార్య గోడ మీదికొచ్చింది.  పీకుడు డాక్టరు కుర్చీలోంచి లేచి గోడ దగ్గరికెళ్లి, చాలాసేపు చూసి, "పళ్లు చాలా బాగున్నాయి," అన్నాడు.

కళ్లజోళ్లాయన గుండె ఒక్క ఎగురు ఎగిరింది. ఇన్నాళ్లకి ఒక మంచి మాట.

"కింది దవడలో కుడివైపు చివరిది మాత్రం ఒకసారి చూపించుకోవాలి," అన్నాడు డాక్టరు.

గది గొల్లుమంది. పద్ధతి ప్రకారం నవ్వులు ఆగాక లేచి, ఇది నేను తీశానని కళ్లజోళ్లాయన ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఆ రోజు ఇంటికొచ్చి, కిటికీ పక్కనున్న ఆ స్టూలు మీదే కూర్చుని ఆయన ఉడికిపోయాడు. ఎదురుగా స్టాండు మీద కెమెరా అలాగే ఉంది. భార్య ఒక చేత్తో గరిటె పట్టుకుని, భుజాన వేసుకున్న గుడ్డ అంచుతో కెమెరా దుమ్ము తుడుస్తోంది.

"నా పెళ్లాం దవడ గురించి వాళ్లకెందుకే? నేను ఫొటో తీసుకెళ్లానా, నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్లానా?"

"అవునండీ, అక్కడ కొంచెం సలుపుతూనే ఉంది. ఆ డాక్టరు హస్తవాసి మంచిదేనా?"

 సొంత ఇంట్లో, సొంత భార్య శత్రువు హస్తవాసి గురించి అడుగుతోంది. కళ్లు పెద్దవి చేసి, ముక్కుపుటాలు ఎగరేసి, కిటికీలోంచి వచ్చే వెలుతురులో కూర్చుని ఆవిడ వైపు చూశాడు. అప్పుడే ఎదురుగా టక్కుమని ఏదో చప్పుడైంది. దుమ్ము తుడవడంలో గరిటె తగిలి ఉంటుందనుకున్నాడు.

"ఇదిగో చెప్తున్నాను," అంది ఆవిడ గుడ్డ దులుపుతూ. "వచ్చే ఆదివారం వాళ్లు బాగుందంటే సరే. లేదా, సోఫా లోపలికి, కెమెరా అటక మీదికి. నేను ఇంక పక్కవాటుగా నడవలేను."

"అటక మీదికా?"

"పాత కుక్కరు పక్కన చోటుంది."

ఆయనకి ప్రాణం విలవిల్లాడింది. వాళ్లు బాగుందనడం కల్ల. ఆ గదిలో ఎవరికీ చూపు లేదు. అందరికీ అద్దాలు మార్చాలి. అలా అనుకోగానే బుర్రలో ఒక ఆలోచన తళుక్కుమంది. చూపు లేదని రుజువు చేస్తే చాలు, ఆ తీర్పు చెల్లదు. తీర్పు చెల్లకపోతే భార్య పెట్టిన షరతూ చెల్లదు.

క్లబ్బు బీరువాలో పాత ప్రదర్శనల పుస్తకాలున్నాయి. అందులో వెలుగు మాస్టారు వయసులో ఉండగా తీసిన ఫొటో ఒకటి ఆయన ఇదివరకే చూశాడు. కిటికీ పక్కన ఒకావిడ. సగం మొహం చీకట్లోనే ఉంది. తను తీస్తే తప్పు, మాస్టారు తీస్తే ప్రదర్శన. క్లబ్బు గది తాళాలుండే డ్రైక్లీనింగ్ షాపుకి ప్యాంటు ఇచ్చే వంకన వెళ్లి, పైకెక్కి, ఆ పేజీని ఫోనుతో ఫొటో తీసుకొచ్చాడు. దీన్ని గోడ మీద వేయిస్తాడు. వాళ్లు చీల్చి చెండాడతారు. మాస్టారే ముందుగా వెలుగేదీ అంటారు. అప్పుడు తను లేచి, అది మాస్టారి ఫొటోయేనని బయటపెడతాడు. లేచి ఏమనాలో షాపులో అద్దం ముందు నిలబడి వల్లెవేసుకున్నాడు కూడా.

"ఇది పెన్‌డ్రైవులోకి ఎక్కించవే," అని ఫోను భార్యకిచ్చాడు. ఇంట్లో అలాంటి పనులు ఆవిడవే.

"ఎవరండీ ఈవిడ?"

"ఎవరో మోడలు."

ఆవిడ ఫొటోని చూసింది. ఆయన్ని చూసింది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో ఎంత అరుదో ఆయనకి అప్పుడే తట్టి ఉండాల్సింది.

ఆదివారం ఆయన ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. రెండు మూడు ఫొటోల తర్వాత డాక్టరు పెన్‌డ్రైవు మార్చాడు. గోడ మీద ఒక మొహం ప్రత్యక్షమైంది.

అది మాస్టారి మోడలు కాదు. కళ్లు పెద్దవి చేసి, ముక్కుపుటాలు ఎగరేసి, స్టూలు మీద కూర్చున్న కళ్లజోళ్లాయన.

"ఇది..." అంటూ ఆయన లేవబోయాడు.

"ఊహూ," అన్నారు మాస్టారు. "ఫొటోలో ఉన్నవారైనా సరే, అయిపోయేదాకా మాట్లాడకూడదు. కూర్చోండి."

కూర్చున్నాడు.

మాస్టారు వెతకలేదు. "అదిగో వెలుగు," అన్నారు మెల్లగా. "బుగ్గ మీద నుంచి ఎలా దిగిందో చూడండి. నుదుటి మీద ఒక్కొక్క ముడతా పలుకుతోంది."

"లోకం మొత్తం తనకే అన్యాయం చేసిందన్నట్టుంది ఆ చూపు," అన్నారు వెనక నుంచి ఎవరో. "పాపం, ఎవరు చేశారో."

కళ్లజోళ్లాయన వెనక్కి తిరిగి సరిగ్గా అదే చూపు చూశాడు. పీకుడు డాక్టరు గోడ దగ్గర అటూ ఇటూ తిరిగి, చివరికి చేతులు కట్టుకుని, "ఇందులో పీకడానికేమీ లేదు," అన్నాడు. ఆ క్లబ్బులో ఆ మాట అంతకు ముందెవరూ విని ఉండరు.

"ఇప్పుడు తీసినవారు లేచి చెప్పాలి," అన్నారు మాస్టారు.

ఆయన లేచాడు. నిజం చెప్దామనే లేచాడు. కానీ గదిలో ఉన్నవాళ్లందరూ మొదటిసారి ఆయన వైపు గౌరవంగా చూస్తున్నారు. నిన్నటిదాకా చూపు లేదనుకున్న ఆ కళ్లన్నీ ఆయనకి ఒక్కసారిగా చాలా ఆరోగ్యంగా కనిపించాయి.

"నేనే తీసుకున్నాను," అన్నాడు. "టైమరు పెట్టి."

చప్పట్లు కొట్టారు. ఆయన తల వంచి అందుకున్నాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు డాక్టరు. "మీ కళ్లజోడులో ఏదో మెరుస్తోంది. నాకు అద్దాలమ్మినప్పుడు, అద్దాలు మెరవకుండా ఆపే యాంటీ గ్లేరు పూత లేకపోతే మనిషి బతుకే వృథా అన్నట్టు చెప్పి అంటగట్టారు. మీ అద్దాలకి అది లేదేంటండీ?"

"సొంతానికి... తీరిక దొరకలేదు," అని నసిగాడు కళ్లజోళ్లాయన.

డాక్టరు ఎడమకంటి అద్దాన్ని పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. అద్దంలో స్టాండు మీద కెమెరా కనిపించింది. దాని వెనక ఒకావిడ. భుజాన గుడ్డ, ఒక చేతిలో గరిటె, ఇంకో చెయ్యి కెమెరా మీట మీద. ఆవిడ వెనక నిలబడి ఉన్న పువ్వుల సోఫా.

"టైమరు నవ్వుతోంది," అన్నారు మాస్టారు.

కళ్లజోళ్లాయనకి ఆ క్షణాన భూమి చీలితే బాగుండుననిపించింది. చీలినా కింద డ్రైక్లీనింగ్ షాపే, వాళ్లూ తెలిసినవాళ్లే.

ఇంటికి మండిపోతూ వచ్చాడు. కూలబడదామంటే సోఫా నిలబడి ఉంది. స్టూలు మీదే కూలబడ్డాడు.

"మాస్టారి ఫొటో ఏం చేశావు?"

"తుడిచేశాను. అందులో ఉన్నది ఎవరనుకున్నారు?"

"ఎవరో మోడలని చెప్పానుగా."

"వెలుగు మాస్టారి భార్య. మోకాలి ఎక్స్‌రేకి మా దగ్గరికే వస్తుంటారు. వయసు మీద పడినా ఆ నవ్వు మారలేదు. మోకాలు కనబడితే ఇంకా త్వరగా పోల్చుకునేదాన్ని."

ఆయన కళ్లజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. మాస్టారి ఎదుట, మాస్టారి భార్యనే గోడ మీద వేయించి, తను లేచి నిలబడి ఉంటే. ఆ పైన వల్లెవేసుకున్న మాటలు కూడా అనేసి ఉంటే.

"పరువు పోతుందని భయమేసింది," అంది ఆవిడ. "అందుకే మార్చాను. ప్రతి ఆదివారం మీరు ఇంటికి ఎలాంటి మొహం తెస్తున్నారో చూపిద్దామని తీసింది అది."

"నువ్వు నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెప్తే మీరు వినేవాళ్లా? అక్కడైతే నోరు మూసుకుని చూడాలి కదా."

 ఇద్దరూ కలిసి సోఫాని లోపలికి మోసి, దాని చోట దాన్ని కూర్చోబెట్టారు. ఆయన కెమెరా తీసుకుని అటక వైపు నడిచాడు.

"అదెక్కడికి?" అంది ఆవిడ. "వాళ్లు బాగుందన్నారు కదా. మాస్టారు ఇందాక ఫోను చేశారు. వచ్చే వారం నన్ను ఇంకోటి తెమ్మన్నారు. ఇలా ఇవ్వండి. మీరు వెళ్లి స్టూలు మీద కూర్చోండి."

"కూర్చోను. ముందు రేపు పొద్దున్నే ఈ అద్దాలు తీసేసి యాంటీ గ్లేరు వేయించుకుంటాను. గది నిండా జనంలో నా పరువు తీసిన అద్దాలివి."

"వేయించారంటే ఊరుకోను."

"ఏం?"

ఆవిడ కెమెరా స్టాండుకి బిగిస్తూ, ఆయన వైపు చూడకుండా చెప్పింది. "ఇన్ని వారాలు నన్ను కూర్చోబెట్టి తీశారు. ఒక్కదాంట్లోనైనా బాగున్నానా? ఆ అద్దంలో గోరంత ఉన్నాను. అందులోనే బాగున్నాను."

ఆయనకి సిగ్గేసింది. సిగ్గేసినందుకు కోపమొచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక కళ్లు పెద్దవి చేసి, వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆ మొహమే. కదలకండి. ఊపిరి పీల్చండి," అంది ఆవిడ. "బిగబట్టండి."

బిగబట్టాడు. క్లబ్బు పద్ధతి ప్రకారం నోరు మెదపలేదు.