ఎక్కిన చోటు

పాత ఇంజన్ తీసి కొత్తది బిగిస్తే, పాతదాని మీద చేసిన ప్రయాణాలన్నీ రద్దవుతాయి గనుక, ఆ కారులో వచ్చినవాళ్లంతా తాము ఎక్కిన చోటికి తిరిగి వెళ్లిపోవాలన్నది కాకినాడలో అందరికీ తెలిసిన సంగతే. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు ఇది కాస్త వింతగా అనిపిస్తుంది. నెల తిరక్కుండా వాళ్లూ అలవాటు పడతారు, ఇంటిపన్నుకు పడ్డట్టే.

నిబంధనలో తిరకాసేమీ లేదు. అదే కారులో వెళ్లి అదే కారులో తిరిగొచ్చిన ప్రయాణాలు చెల్లుకు చెల్లు. వెళ్లి అక్కడే ఉండిపోయినవాటితోనే చిక్కు. నడిపినవాడు కారులో ఒక భాగం కింద లెక్క కాబట్టి అతనికి ఏ ఇబ్బందీ లేదు. ఎక్కి కూర్చున్నవాళ్లకే ఈ తిప్పలన్నీ. ఇవన్నీ చూసుకోవడానికి గత ప్రయాణాల కార్యాలయం అని ఒకటుంది. మధ్యాహ్నం భోజనాల వేళ తప్ప మిగతా సమయమంతా అక్కడ జనం కిటకిటలాడుతుంటారు.

ఊళ్లో తెలివైనవాళ్లు దీన్ని వాడుకోవడం కూడా నేర్చుకున్నారు. బట్టల కొట్టు యజమాని ఒకాయన, వారం ఉంటానని తన వెంట కారులో వచ్చి ఏళ్ల తరబడి తిష్ట వేసిన బావమరిదిని పిఠాపురం పంపడానికి, శుభ్రంగా ఉన్న ఇంజన్ తీయించి డొక్కుది వేయించుకున్నాడు. పార్టీ మారిన నాయకుడొకడు, మారడానికి వెళ్లిన కారు ఇంజన్ మార్పించి, మర్నాడు పాత పార్టీ ఆఫీసులో కాఫీ తాగుతూ కనిపించాడు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. వెళ్లనే లేని మనిషిని ఎందుకు వెళ్లావని ఎలా నిలదీస్తారు?

కళ్లజోళ్ల దుకాణం నడిపే గన్నవరపు త్రినాథ్‌కి మాత్రం ఎవర్నీ ఎక్కడికీ పంపాలని లేదు. అతనిది ఎర్రటి రెండు తలుపుల పాత రేసు కారు. వయసులో ఉండగా మద్రాసు పందేల్లో పరిగెత్తిన బండి. రెండు కార్బ్యురేటర్లు, వెనక రెండు సైలెన్సర్లు. అది స్టార్టయితే పక్కవీధిలో నిద్రపుచ్చిన పసిపిల్లలు లేచి ఏడ్చేవారు. పెళ్లికి ముందు కొన్న ఆ కారును అతను ఇంకొకరి చేతికి ఇచ్చి ఎరగడు. భార్య హైమవతికి లైసెన్సు ఉంది, కూతురి కారు చక్కగా నడుపుతుంది. అయినా ఈ తాళంచెవి అడిగినప్పుడల్లా, "ఇది మామూలు బండి కాదు హైమా," అని నవ్వి ఊరుకునేవాడు. అడిగి అడిగి ఆవిడ మానేసింది.

హైమవతి అతని జీవితంలోకి వచ్చిందే ఆ కారులో. తుని బస్టాండు ముందు, రాజమండ్రిలో టీచరు ట్రైనింగుకి వెళ్లాలని సంచీ, గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. బస్సు ఎంతకీ రాలేదు. చెల్లెలి క్లాసుమేటే కదా అని త్రినాథ్ కారాపి ఎక్కించుకున్నాడు. దారిలో అన్నవరం వచ్చింది. విస్తరాకులో ప్రసాదం తింటుంటే పెళ్లి మాట వచ్చింది. కొండ దిగేసరికి పెళ్లి అయిపోయింది. కారు రాజమండ్రి వైపు కాకుండా కాకినాడ వైపు తిరిగింది, ట్రైనింగు అక్కడితో సరి.

ఆ ఇంజన్ ఇప్పుడు పొగలు కక్కుతోంది. ఎక్కువ తొక్కితే లోపల ఎవరో రోకలితో దంచుతున్నట్టు శబ్దం. ఆటోనగర్‌లో మెకానిక్ నూకరాజు హెడ్డు విప్పి, సిలిండర్లలో వేలు పెట్టి తడిమి, పెదవి విరిచాడు.

"బోరు అరిగిపోయిందండి. విశాఖపట్నంలో ఇంపోర్టెడ్ ఇంజన్ ఒకటి దిగిందంట. అది బిగించామంటే బండి గాల్లో తేలుద్దండి."

"అప్పుడు మా ఆవిడ తునిలో తేలుద్ది," అన్నాడు త్రినాథ్.

నూకరాజు ఆ సంగతి మర్చిపోయినందుకు నాలిక కరుచుకున్నాడు. మిగిలిన దారి ఒక్కటే. ఇంజన్ నంబరు చెక్కి ఉండేది దాని బ్లాకు మీద, అంటే బయటి ఇనప గూటి మీద. బ్లాకును అలాగే ఉంచి లోపలివన్నీ మార్చుకుంటే అది మరమ్మతు కిందికి వస్తుంది, ప్రయాణాలు చెక్కుచెదరవు. అరిగిన సిలిండర్లకు లోపల కొత్త స్లీవులు దిగ్గొట్టి, కొత్త పిస్టన్లు వేసి, క్రాంకు సానబట్టించి, పాత గూట్లోనే ఇంజన్‌కు మళ్లీ ప్రాణం పోయాలి. పిస్టన్లు దొరకడానికే కోయంబత్తూరు దాకా వెతకాల్సి వచ్చింది. త్రినాథ్ దుకాణానికి తాళం వేసి ఆటోనగర్‌లోనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. హైమవతి క్యారేజీ తెచ్చేది. తెచ్చి వెళ్లిపోకుండా నూకరాజు పక్కన నిలబడి ఏది ఎందుకో అడిగేది.

ఒక రోజు పొద్దున్నే ఇంజన్ స్టార్టయింది. పొగ లేదు, దంచుడు లేదు. త్రినాథ్‌కి కళ్లనీళ్లు తిరిగాయి, పెట్రోలు ఘాటు అని బుకాయించాడు.

"మొదట్లో తొందరపెట్టకండి. కొత్త పిస్టన్లు, పాత గూడు. ఒకదానికొకటి అలవాటు పడాలి కదండి," అన్నాడు నూకరాజు.

తనిఖీకి గత ప్రయాణాల కార్యాలయం నుంచి సుభద్రమ్మ గారు వచ్చారు. ఆవిడ ఆ శాఖలో తలపండిన మనిషి. టార్చిలైటు వేసి బ్లాకు మీద నంబరు ఉండాల్సిన చోటికి వంగి చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. ఆ కళ్లజోడు త్రినాథ్ దుకాణంలో చేయించుకున్నదే, కాబట్టి దాన్ని అనుమానించడానికి వీల్లేదు.

"నంబరు ఏదండీ?" అని అడిగారు.

త్రినాథ్ వంగి చూశాడు. అక్కడ ఇనుము అద్దంలా మెరుస్తోంది. అంకె అన్నది మచ్చుకైనా లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో అతనికీ, నూకరాజుకీ ఒకేసారి తట్టింది. దసరాకి ఆయుధపూజలో అందరూ బండికి బానెట్ మీద బొట్టు పెడతారు. త్రినాథ్ భక్తి ఒక ఆకు ఎక్కువ. ఇంజన్‌కి పేరంటూ ఉంటే అది దాని నంబరే కదా, బొట్టు దానికే పెట్టాలని అతని వాదన. అందుకని ఏటా ముందు చింతపండుతో తోమి, ఆ తర్వాత గరుకు కాగితంతో నిగనిగలాడేలా రుద్ది, అప్పుడు పసుపు రాసి కుంకుమ పెట్టేవాడు. ఆ గరుకు కాగితం అందించింది నూకరాజే. మనిషి భక్తికి ముచ్చటపడి మంచి రకం ఇచ్చేవాడు. పెళ్లి నాటి నుంచి అలా రుద్దీ రుద్దీ, ఆ పేరును ఇద్దరూ కలిసి పూజల్లోనే అరగదీశారు.

సుభద్రమ్మ గారు కేకలు వేయలేదు. ఇలాంటివి ఆవిడ చాలానే చూశారు.

"నంబరు లేని ఇంజన్ మాకు లేనట్టేనండి. లేని ఇంజన్ మీద ఎవరూ ఎక్కడికీ వచ్చి ఉండరు. మీరు కొత్త నంబరు వేయించుకోవచ్చు, మేమే కొట్టిస్తాం. ఈలోగా వచ్చినవాళ్లు వెళ్లిపోవాలి."

"మరి మా పెళ్లి?"

"పెళ్లి మా శాఖ కాదండి. అది చెల్లుతుంది. పెళ్లికూతురు వచ్చినట్టు లేదు, అంతే."

"మా అమ్మాయి?"

"కాకినాడలోనే పుట్టిందన్నారు కదా, ఆమె ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఎవరికి పుట్టిందన్నది వేరే సెక్షన్ వాళ్లు చూసుకుంటారు."

కడియం నర్సరీ నుంచి వెనక సీట్లో వచ్చిన మామిడి మొక్క ఇప్పుడు పెరట్లో చెట్టయింది. దాని సంగతి వర్షాకాలం దాకా వాయిదా వేశారు.

సుభద్రమ్మ గారు వెళ్లాక నూకరాజు గొంతు తగ్గించి చెప్పాడు. "పాత నంబరు నేను కొట్టేత్తానండి. పాతదానిలాగే కనపడేటట్టు మసి పూసి తుప్పు పట్టించేత్తాను. ఎవడికీ తెలవదు."

త్రినాథ్ హైమవతి వంక ఆశగా చూశాడు. ఆవిడ క్యారేజీ గిన్నెలు సర్దుతోంది.

"దొంగ నంబరు మీద కాపురం చేయమంటారా? నేను వెళ్తాను," అంది.

ఆ మాట ఆవిడ ఏడుస్తూ అనలేదు. అదే త్రినాథ్‌ని ఎక్కువ భయపెట్టింది. ఎక్కిన చోటికి వెళ్లిన మనిషి ఆ క్షణం నుంచి స్వతంత్రురాలు. మొగుడు కారు తెచ్చి పిలవచ్చు గానీ, మళ్లీ ఎక్కాలని రూలేమీ లేదు. అతను రాత్రంతా నిజాయితీగా ఆలోచించుకున్నాడు. ఆ రోజు హైమ ఎక్కింది కారు ఎర్రగా ఉందని కాదు, తను బావున్నాడనీ కాదు. బస్సు రాలేదు కాబట్టి ఎక్కింది. ఈ మధ్య బస్సులు బాగానే వస్తున్నాయి.

ఎక్కినప్పుడు ఏం తెచ్చుకున్నారో అంతే పట్టుకెళ్లాలన్నది షరతు. సంచీ అటక మీద దొరికింది. గొడుగు ఎప్పుడో పోయింది. అలాంటిది ఇంకొకటి కొనుక్కున్నా అభ్యంతరం లేదని కార్యాలయం దయతలచింది. హైమవతి పొద్దున్నే మామూలు బస్సెక్కి తుని వెళ్లిపోయింది. వెళ్తూ పాలవాడికి చెప్పాల్సింది చెప్పింది, మొగుడికి మాత్రం ఏమీ చెప్పలేదు.

కొత్త నంబరు కొట్టించుకుని త్రినాథ్ బయల్దేరేసరికి పొద్దెక్కింది. తొందరపెట్టకూడదు కాబట్టి రేసు కారును ఎడ్లబండిలా తోలుకుంటూ వెళ్లాడు. అన్నవరం దగ్గర అతన్ని చెరుకు ట్రాక్టరు కూడా దాటిపోయింది.

తుని బస్టాండు ముందు చాలామంది ఆడవాళ్లు సంచులు పట్టుకుని నిలబడి ఉన్నారు. అందరూ ఇంజన్లు మారిన బళ్ల తాలూకు వాళ్లే. కొందరి కోసం ఎవరూ రాలేదు. వాళ్లు నీడ జరిగినకొద్దీ జరుగుతున్నారు. ఒకావిడ కోసం పెద్ద కారే వచ్చింది. లోపలి మనిషి హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆవిడ అతన్ని ఒకసారి తేరిపార చూసి, వచ్చిన విశాఖపట్నం బస్సెక్కేసింది. కండక్టరు ఆవిడకి సీటు చూపించాడు. ఆ కారు చాలాసేపు అక్కడే ఆగి ఉంది.

హైమవతి చివర్న నిలబడి ఉంది. రాజమండ్రి బస్సు వచ్చి ఆగి ఉంది, తలుపు తెరిచే ఉంది, సగం సీట్లు ఖాళీ. త్రినాథ్ కారు పక్కకు ఆపి, ఇంజన్ తిరుగుతుండగానే దిగాడు. ఏం అనాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు గానీ, తీరా ఎదురుపడేసరికి పాత మాటే వచ్చింది.

"ఎక్కడికండీ?"

"ట్రైనింగుకి వెళ్దామని వచ్చాను. ఇప్పుడు వయసు దాటిపోయిందంటారు కాబోలు."

"అడిగి చూద్దాం. నేను దింపుతాను. ఈసారి నిజంగా రాజమండ్రే."

హైమవతి బస్సు వంక చూసింది, కారు వంక చూసింది. కారు చుట్టూ తిరిగి వచ్చి బానెట్ మీద చెయ్యి ఆనించి, లోపలి చప్పుడు విన్నది. నూకరాజు దగ్గర నిలబడి నేర్చుకున్నదంతా ఆ వినడంలో ఉంది. జీవితంలో ఎవరి కంటిచూపు పరీక్షించేటప్పుడూ త్రినాథ్ అంత ఆత్రంగా జవాబు కోసం చూడలేదు.

"వస్తాను," అంది చివరికి, చెయ్యి చాపి. "తాళంచెవి ఇవ్వండి."

అతని నోటి దాకా ఒక మాట వచ్చింది. ఇది మామూలు బండి కాదని. దాన్ని మింగి, ఇంజన్ ఆపి తాళంచెవి ఆవిడ అరచేతిలో పెట్టాడు. డ్రైవరు సీటులో కూర్చుని అద్దాలు సర్దుకుంటున్న భార్యను చూస్తే అతనికి సంతోషమే కలిగింది, కాకపోతే పక్క సీటులో కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ సీటులో అతను కూర్చోవడం అదే మొదటిసారి.

హైమవతి గేరు వేసి, తొందరపెట్టకుండా, మెల్లగా కారును రోడ్డెక్కించింది. సగం ఖాళీ బస్సు వాళ్ల వెనకే బయల్దేరింది.

"దసరాకి బొట్టు బానెట్‌కి పెడదాం," అంది.

"అలాగే."

"నడిపేవాళ్లు కారులో భాగమని రూలు కదా. అంటే ఇకమీదట ఈ ఇంజన్‌కి ఏదన్నా అయితే వెనక్కి వెళ్లాల్సింది మీరు. ఎక్కిన చోటు ఒకసారి చూసుకోండి."

త్రినాథ్ వెనక్కి తిరిగాడు. బస్టాండు, పక్కన సోడా బండి, నీడలో సంచులతో నిలబడ్డ ఆడవాళ్లు, వాళ్ల చివర్న ఇప్పుడే ఖాళీ అయిన కాస్త చోటు. అన్నీ గుర్తుపెట్టుకుని ముందుకు తిరిగి బుద్ధిగా కూర్చున్నాడు.