మూడు సింహద్వారాల నుమాయిషు భవనం

సరుకుల ప్రదర్శనకని కట్టిన సిద్దిపేట నుమాయిషు భవనానికి తలుపు లేదు. నాలుగు పక్కలా గోడలే. ఇంత భద్రమైన కట్టడం తాలూకా మొత్తంలో మరొకటి లేదని ఊరికి గర్వం. ఈ ఘనత 1945లో ముగ్గురు పెద్దమనుషుల పుణ్యాన దక్కింది.

వారిలో మొదటివాడు బట్టల వ్యాపారి దత్తాత్రి. భవనం కట్టాలన్నది ఆయన ఆలోచనే. సింహద్వారం తన దుకాణం వైపు ఉండాలన్నదీ ఆయన ఆలోచనే. పెద్ద అధికారి ఏ ద్వారాన అడుగుపెడితే ఆ వైపువాడే ఊరికి పెద్ద అని అప్పట్లో లెక్క. ఆ లెక్క బియ్యం వ్యాపారి రామేశ్వర్‌కూ, భూస్వామి దామోదర్ దొరకూ కూడా తెలుసు. కమిటీలో ఉన్నది ఈ ముగ్గురే కాబట్టి మూడు పక్కలా మూడు సింహద్వారాలు లేచాయి. నాలుగో పక్క ఉన్నది రోడ్డు. అటు ఎవరి ఇల్లూ లేదు గనుక గోడ పెట్టేశారు. ఆ జాగాలో కూరగాయలమ్మే యాదవ్వను ఆ గోడ నీడకు నెట్టారు.

ప్రారంభోత్సవం నాడు జిల్లా అధికారి తాలూక్‌దారు గారి మోటారు రోడ్డు మీదే ఆగింది. ఎదురుగా గోడ. మూడు పక్కల నుంచి ముగ్గురూ దండలు పట్టుకుని "ఇటు, సర్కార్!" అని ఒకటే కేకలు. ఎటు పోతే ఎవరికి కోపమో ఆయనకు తెలియలేదు.

"కీరకాయ తిను సారూ, ఎండకు సల్లగుంటది" అంది యాదవ్వ.

ఆయన తిన్నాడు. నుమాయిషు అమోఘంగా ఉందని ప్రకటించి మోటారెక్కాడు.

మర్నాడు కమిటీ కూడింది. "మూడు దర్వాజలుండవట్టే సర్కారు పరేషానయిండు. రామేశ్వర్ దిక్కుది మూసెయ్యాలె" అన్నాడు దత్తాత్రి. దొర చెయ్యెత్తాడు. రెండు చేతులు, తీర్మానం నెగ్గింది. వెంటనే రామేశ్వర్ దత్తాత్రి ద్వారం మూయాలన్నాడు. దొర మళ్లీ చెయ్యెత్తాడు. ఇక మిగిలింది తనదేనని దొర మీసం దువ్వుతుండగా, మిగతా ఇద్దరూ ప్రాణస్నేహితులైపోయి చేతులెత్తారు.

మేస్త్రీ పోశయ్య మూడూ పూడ్చాడు. "లోపట సామాన్లున్నయ్ గదయ్యా?" అని అడగకపోలేదు. తీర్మానంలో సామాన్ల ప్రస్తావన లేదని కమిటీ స్పష్టం చేసింది.

లోపల రామేశ్వర్ బియ్యం, దొర పల్లకి, దత్తాత్రి పట్టుచీరలు ఉన్నాయి. నలుగురూ చూసి మెచ్చుకుంటారని భార్య కాంతమ్మ పెళ్లిచీర కూడా ఆయన అక్కడే పెట్టాడు.

"నా పెండ్లిచీరె అండ్ల మురుగుతున్నది. మన దర్వాజ తెరిపియ్యరాదా?" అంది కాంతమ్మ.

"మనది తెరవాలంటే ఇంకొకడు చెయ్యెత్తాలె. వాడెత్తాలంటే వాని దర్వాజకు నేనెత్తాలె. చీరె పోతే ఇంకోటి కొనిస్త. వానిది మాత్రం తెరువనియ్య."

1948లో ప్రభుత్వం మారింది. కొత్త అధికారులు వచ్చి గోడల నునుపును మెచ్చుకుని, సున్నం వేయించమన్నారు. వేయడానికొచ్చిన పోశయ్య గోడ అడుగున చెదలు చూసి, వాటితో పాటు రాలిన జరీ పోగులు తెచ్చి దత్తాత్రి చేతిలో పెట్టాడు.

దత్తాత్రి వాటిని చూశాడు. "రామేశ్వర్ బియ్యమో?"

"గవెప్పుడో పురుగుపట్టినయయ్యా. ముక్కవాసనొస్తున్నది."

దత్తాత్రి ముఖం విప్పారింది. కాంతమ్మ ఆ పోగులు కొంగున కట్టుకుని ఏడ్చింది. "ఏడుస్తవెందుకే? వాళ్లది గూడ పోయిందట గదా!" అని ఆయన ఓదార్చాడు.

ఆ ఏడు కమిటీ పెద్ద ఎన్నిక ఊరందరి ముందు జరిగింది. ఆ భవనం లోపల ఏం మిగిలిందో ఊళ్లో ఒక్కరూ చూసి ఎరగరు. అయినా, ఎవడి తలుపూ తెరవనివ్వని గట్టి మనిషని దత్తాత్రి పేరు చెప్పగానే చేతులన్నీ లేచాయి.